చప్పుడు చేయని మాత్ర

మార్చి 3, సోమవారం

ఈ పుస్తకంలో పేజీ చించకూడదట. ఒకటి నుంచి రెండు వందల దాకా ప్రతి పేజీ మీదా అంకె అచ్చేసి ఉంది. తప్పు రాస్తే గీకేయకూడదు, తెల్లరంగు పూయకూడదు. దాని మీద ఒక్క గీత గీసి, పక్కన తారీఖు వేసి, పొట్టి సంతకం పెట్టాలి. గీత కింద తప్పు చదవడానికి కనపడుతూనే ఉండాలి. మా ఆయన పనిచేసే మందుల ఫ్యాక్టరీ ల్యాబులో పుస్తకాలన్నీ ఇలాగే రాస్తారట. అట్ట మీద పాత గుర్తు ఉందని పక్కన పడేస్తుంటే నాకోసం ఒకటి అడిగి తెచ్చారు.

"నేనేం రాస్తానండీ, ఏడో తరగతి" అన్నాను.

"చదివేవాళ్ళే లేనప్పుడు తరగతి ఎవరడుగుతారు?" అన్నారు.

పెళ్ళయి తొమ్మిది నెలలు. ఆయన మొహం చూస్తూ నాలుగు మాటలు వరసగా మాట్లాడింది లేదు. మాట గొంతు దాకా వచ్చి కాఫీ గ్లాసుగా మారిపోతుంది. గ్లాసు పెట్టి వచ్చేస్తాను. ఆయన కనిపెట్టినట్టున్నారు. అందుకే ఈ పుస్తకం.

దుప్పట్ల అలమరలో అడుగు అరలో పెడతాను. అత్తయ్య అంత కిందికి వంగరు.

మార్చి 4, మంగళవారం

ఆయన పని ఏమిటో ఇవాళ అడిగాను. అంటే, భోజనాల బల్ల తుడుస్తూ కంప్యూటర్ వైపు చూస్తూ నిలబడ్డాను. అది అడగడమేనని ఆయనకు తెలుసు.

ఉక్కు అచ్చులో పొడి పోసి పైనుంచీ కిందనుంచీ పంచ్‌లనే దిమ్మెలతో నొక్కితే మాత్ర అవుతుందని నాకూ తెలుసు. పెళ్ళికి ముందు రెండేళ్ళు అదే ఫ్యాక్టరీలో బెల్టు దగ్గర కూర్చుని విరిగిన మాత్రలు ఏరాను. కానీ లోపల పొడి అంతా ఒకేలా గట్టిపడదని తెలియదు. అచ్చును డై అంటారు. డై గోడ పక్కనున్న పొడి గోడను పట్టుకుని వేలాడుతుందట. మధ్యలోది మాత్రం దిగుతుందట.

"నిండా జనమున్న బస్సు అనుకో. వెనకనుంచి తోస్తుంటే మధ్యలోవాళ్ళు ముందుకు జరుగుతారు. కడ్డీ పట్టుకున్నవాళ్ళు కదలరు" అన్నారు.

ఎంత చక్కగా చెప్పారు. నాకు బస్సు మొత్తం కనపడింది.

ఆ గోడ ఎంత పట్టుకుంటుందో ఒక అంకె ఉంటుంది. ఆ అంకె, ఇంకా అలాంటివి కొన్ని ఇస్తే కంప్యూటరే మాత్రను నొక్కి చూపిస్తుంది. గట్టిగా ఉన్నచోట ఎరుపు, వదులుగా ఉన్నచోట నీలం. ఒక్క చెంచా మందు ఖర్చు కాకుండా మాత్ర ఎక్కడ పగులుతుందో ముందే చెప్పవచ్చు. సిమ్యులేషన్ అంటారు. ఫ్యాక్టరీలో ఆయన్ను బొమ్మల సారు అంటారట. ఆ మాట చెప్పి ఆయనే నవ్వారు.

అత్తయ్య గదిలోంచి అన్నారు, "పెళ్ళాన్ని సినిమాకి తీసుకెళ్ళరా అంటే ఇంట్లోనే రంగులు చూపిస్తున్నాడు. నెగ్గుకొస్తాడు వీడు."

మార్చి 5, బుధవారం

నిన్న అసలు సంగతి రాయలేదు. ఆయన ఇప్పుడు చేస్తున్నది ఫిట్స్ వచ్చే చిన్నపిల్లల మాత్ర. కందిగింజంత ఉంటుంది. మాత్ర నిలుస్తుందని కంప్యూటర్లో బొమ్మ రెండు నెలలుగా చెబుతోంది. పెద్ద మిషను మీద కొడితే మాత్రం పైపొర ఊడి వస్తోంది. క్యాపింగ్ అన్నారు ఆయన. బెల్టు దగ్గర మేము "టోపీ తీసింది" అనేవాళ్ళం.

మార్చి 7, శుక్రవారం

ఇవాళ కూడా టోపీ తీసింది. సగం అన్నం వదిలేశారు.

మార్చి 9, ఆదివారం

నాన్న వచ్చాడు. ఎప్పటిలాగే మెట్ల మీద నుంచే అరిచాడు, "గట్టిబిళ్ళ వచ్చాడని చెప్పండి లోపల."

ఫ్యాక్టరీలో నాన్న పేరు అదే. ముప్పై ఒక్క ఏళ్ళు మిషను మీద ఉన్నాడు, నాన్న కొట్టిన మాత్ర విరిగి వెనక్కి రాలేదంటారు. మోకాలు పాడయ్యాక పెద్ద మిషను దగ్గర నిలబడలేకపోతే ల్యాబులో కూర్చుని చేసే చిన్న పరీక్ష మిషను ఇచ్చారు. అలా మా ఆయన దగ్గరికి వచ్చాడు. అక్కడ మా ఆయన్ను సార్ అంటాడు, ఇక్కడ అల్లుడు గారూ అంటాడు. ఒక్కోసారి గేటు దాటేటప్పుడు మార్చుకోవడం మర్చిపోతాడు.

"ఏం సార్, బొమ్మ ఏమంటోంది?"

"నిలుస్తుందనే అంటోంది మావయ్యా."

"బొమ్మ కదా. దాన్ని ఎవరు విరిచి చూస్తారు?"

ఆయనకు కోపం రాలేదు. నాన్న చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు నాతో అన్నారు, "మీ నాన్న చెయ్యి చూడాలి నువ్వు. ముప్పైసార్లు పరీక్ష చేస్తే ముప్పైసార్లూ ఒకటే అంకె. ఆ చెయ్యి మీదే నా లెక్క మొత్తం నిలబడింది." నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుని తింటుంటే వడ్డించడం కంటే నాకు వేరే సంబరం లేదు.

నాన్న వచ్చే నెలాఖరుకు రిటైరవుతాడు. తరవాత కొత్తవాళ్ళకు పని నేర్పడానికి ఉంచుకుంటామన్నారట. ఆ మాట మూడుసార్లు చెప్పాడు.

వెళ్ళేటప్పుడు ఎప్పటిలాగే మెత్తటి గుడ్డ ఉండలు నాలుగు కుట్టి ఇచ్చాను. మోకాలికి మందు రాసుకోవడానికి కాబోలు. నాకు తెలియదు.

మార్చి 13, గురువారం

సాయంత్రం ఆయన పరీక్ష వీడియో పెట్టుకుని చూస్తున్నారు. మిషనూ నాన్న చేతులూ మాత్రమే కనపడుతున్నాయి. పంచ్ దిగింది, లేచింది. కింది పంచ్ మాత్రను పైకి తోసింది. మాత్ర బయటికి వచ్చింది. మళ్ళీ మొదటినుంచి.

నేను కంచం పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"ఇది ఒట్టి డైలో చేసే పరీక్ష. గోడకు ఏమీ రాయకూడదు. అప్పుడే గోడ ఎంత పట్టుకుంటుందో అసలు అంకె తెలుస్తుంది" అన్నారు.

"చప్పుడు రాదా అండీ?"

"ఏ చప్పుడు?"

"ఏం లేదు."

బెల్టు గదికీ మిషను గదికీ మధ్య సన్నటి గోడ. ఒట్టి డైలోంచి మాత్ర బయటికి వచ్చేటప్పుడు ఎలుక తోక తలుపులో ఇరుక్కున్నట్టు కీచుమనేది. ఆ రోజు మాకు విరిగినవి ఎక్కువ వచ్చేవి. వీడియోలో అది లేదు.

అప్పటివి పాత మిషన్లు. ఇది కొత్తది.

మార్చి 14, శుక్రవారం

ఇది కొత్త మిషను. కొత్తవాటికి చప్పుడు ఉండదు. మా ఫ్రిజ్ కూడా అంతే.

మార్చి 15, శనివారం

పొద్దున రొట్టెల పిండి గిన్నెకు అంటుకుంది. గిన్నెకు ముందు పొడి పిండి చల్లడం మర్చిపోయావా అన్నారు అత్తయ్య. మర్చిపోలేదు. పిండి డబ్బా పట్టుకుని ఏదో ఆలోచిస్తూ ఉండిపోయాను.

నాన్న జేబులో రేకు డబ్బా ఉంటుంది. ఎప్పటిదో దగ్గు బిళ్ళల డబ్బా, మూత మీద బొమ్మ అరిగిపోయింది. అందులో మందు గోడకు అంటుకోకుండా చేసే తెల్లటి జారుడు పొడి, ఒక గుడ్డ ఉండ. నాకు పదేళ్ళప్పుడు అన్నం క్యారేజీ ఇవ్వడానికి వెళితే కిటికీలోంచి చూశాను. అటూ ఇటూ చూసి, ఉండను పొడిలో అద్ది, డై గోడకు ఒక్క చుట్టు తిప్పాడు. చంటిపిల్ల చెవి తుడిచినంత సున్నితంగా. అప్పటి నుంచీ ఆ ఉండలు నేనే కుడుతున్నాను.

కీచుమనడం నాన్నకు సహించదు. "మాత్ర ఏడుస్తూ పుట్టకూడదు తల్లీ" అంటాడు.

ల్యాబులో అలా చేయడని అనుకుంటున్నాను. అక్కడ జేబుల్లేని కోట్లు వేసుకుంటారు.

మార్చి 17, సోమవారం

ఫ్యాక్టరీలో వీళ్ళందరికీ పైనున్న పెద్దమేడమ్ చెప్పేశారట. ఇరవై ఎనిమిదో తారీఖున అందరూ కూర్చుంటారు. అప్పటికీ బొమ్మా మిషనూ ఒకే మాట చెప్పకపోతే ఈ మాత్రను పక్కన పెట్టేస్తారు. ఆయన్ను కాగితాల విభాగానికి పంపుతారు. ఇదంతా ఆయన కంచం కడుక్కుంటూ చెప్పారు. నేను కడుగుతానంటే ఇవ్వలేదు.

"జారుడు పొడి ఇంకాస్త కలపకూడదా?" అని అడిగాను. ఎలా అడిగానో నాకే తెలియదు.

తల తిప్పి చూశారు. "కలిపితే పగలదు. కానీ కడుపులో కరగడం ఆలస్యం అవుతుంది. ఫిట్స్ వచ్చే బిడ్డకు ఆ ఆలస్యం కుదరదు" అన్నారు. కుళాయి కట్టేసి, "పోనీ పగిలిందే ఇచ్చారనుకో. ఊడిన ముక్క మాత్రల అట్టలోనే ఉండిపోతుంది. తల్లికి తెలియదు. మాత్ర వేశాననే అనుకుంటుంది" అన్నారు.

కంచం తుడిచి దాని చోట పెట్టారు. ఆయనకు కంచం చోటు తెలుసునని నాకు ఇవాళే తెలిసింది.

మార్చి 18, మంగళవారం

కోటుకు జేబులు లేవు. ప్యాంటుకు ఉంటాయి.

మార్చి 19, బుధవారం

అత్తయ్యకు దారపు ఉండ కావాలని చెప్పి నాన్న దగ్గరికి వెళ్ళాను. సైకిళ్ళ కొట్టు పైన గది. అమ్మ పోయాక అలాగే ఉంది, రెండు కుర్చీలు, ఒక స్టవ్. పని దిగి వచ్చి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. నాన్న చొక్కా మడతలు చూసి మడత పెట్టడం నేర్చుకున్నదాన్ని నేను.

దారపు ఉండ గురించి పావుగంట మాట్లాడాను. నాన్నే అన్నాడు, "అడగాల్సింది అడుగు. దారం అమ్మే కొట్టు మీ వీధిలోనే ఉంది."

"ల్యాబులో కూడా రాస్తున్నావా నాన్నా?"

ఇస్త్రీ పెట్టె ఆగింది.

"ఏం రాయడం?"

"డబ్బాలోది."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. వీడియోలో చప్పుడు లేదు."

చొక్కా కాలిన వాసన వచ్చింది. పెట్టె తీసి నిలబెట్టాడు. "ముప్పై ఒక్క ఏళ్ళమ్మా. ఒక్క మాత్ర వెనక్కి రాలేదు. నువ్వు పుట్టకముందు నుంచీ ఈ చెయ్యి డైని చూసుకుంటోంది. ఇప్పుడు నువ్వొచ్చి రాశావా అంటావా? అన్నం తినే ముందు చెయ్యి కడుక్కున్నావా అని అడుగు, అది కూడా అడుగు."

"ఆయన ఒట్టి డై అని రాసుకుంటున్నారు నాన్నా. ఆ అంకె తప్పయితే..."

"మీ ఆయన బొమ్మ తప్పు. నా చెయ్యి తప్పు కాదు."

వచ్చేటప్పుడు మెట్ల దాకా వచ్చాడు. ఎప్పుడూ వీధి చివరి దాకా వస్తాడు.

దారం మా వీధి కొట్లోనే కొన్నాను.

మార్చి 20, గురువారం

ఆయనకు చెబితే నాన్నకు నేర్పే పని పోతుంది. నలుగురిలో పరువు పోతుంది. నిబంధన తప్పినవాడి చేతికి కొత్తవాళ్ళను ఎవరు అప్పగిస్తారు? చెప్పకపోతే మాత్ర పక్కకు పోతుంది, ఈయన కాగితాల్లోకి పోతారు.

రెండూ రాసి చూసుకుంటే ఏమైనా తెలుస్తుందేమో అనుకున్నాను. తెలియలేదు.

మార్చి 21, శుక్రవారం

ఆయన పొద్దున నాలుగింటికే లేచి మళ్ళీ లెక్క వేస్తున్నారు. తప్పు తన లెక్కలోనే ఉందని అనుకుంటున్నారు. నాన్న చెయ్యి తప్పుతుందని ఒక్కసారి కూడా అనలేదు. ఒక్కసారి అని ఉంటే నేను చెప్పేదాన్నేమో.

మార్చి 23, ఆదివారం

నాన్న వచ్చాడు. మెట్ల మీద అరవలేదు. ఆయన ఇంట్లో లేరు, ల్యాబుకు వెళ్ళారు. అత్తయ్య కాఫీ ఇచ్చి, "ఏం వియ్యంకుడు గారూ, గట్టిబిళ్ళ ఇవాళ మెత్తగా ఉంది?" అన్నారు.

"వయసమ్మా. ఎవరైనా మెత్తబడాలి కదా" అన్నాడు.

నా వైపు చెయ్యి చాపాడు. ఉండలు కావాలి. నేను కుట్టు డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నాను.

"గుడ్డ లేదు నాన్నా."

డబ్బాలో పైనే ఉంది, మడత పెట్టిన తెల్లగుడ్డ. నాన్న దాన్ని చూశాడు. నేనూ చూశాను.

"రేపు ఒక్కరోజు ఒట్టి డైలో కొట్టు నాన్నా. ఒక్కరోజు. ఏడిస్తే ఏడవనీ."

కాఫీ పూర్తిగా తాగాడు. గ్లాసు పెట్టాడు. జేబులోంచి రేకు డబ్బా తీసి గ్లాసు పక్కన పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మర్చిపోయి వెళ్ళాడేమో అని వెంట పరిగెత్తబోయాను. నాన్న ఆ డబ్బా ఎన్నడూ మర్చిపోలేదు.

మార్చి 24, సోమవారం

నిదానంగా రాయాలి. ఇవాళ ఎక్కువ రాయాలి.

ఆయన అయిదున్నరకే వచ్చారు. బూట్లు విప్పకుండా కుర్చీలో కూర్చున్నారు. ఇవాళ పరీక్షలో డై కీచుమందట. ల్యాబంతా తిరిగి చూసిందట. అంకె మూడింతలైందట. నాన్న మాత్రం ఏమీ అనకుండా మాత్రను చేత్తో తీసి బల్ల మీద పెట్టాడట.

"డై పాడైపోయింది. గీత పడి ఉంటుంది. కొత్తది రావడానికి పది రోజులు. శుక్రవారం మీటింగు. రెండు నెలల అంకెలన్నీ ఒకటే, ఇవాళ్టిది ఒక్కటే వేరు. రేపు ఇవాళ్టి దాని మీద గీత కొట్టేస్తాను" అన్నారు.

నిజం వచ్చి ఆయన బల్ల మీద కూర్చుంటే దాన్నే కొట్టేస్తానంటున్నారు. నాన్న చేయగలిగినంత చేశాడు. నోటితో చెప్పడం నాన్న వల్ల కాలేదు. అది నాకు వదిలేశాడు, మా ఇద్దరిలో తక్కువ మాట్లాడేదానికి.

వంటగదిలోకి వెళ్ళాను. డబ్బా తీశాను. గ్లాసు మాత్రం తీసుకోకూడదని గట్టిగా అనుకున్నాను. తీసుకుంటే అది ఇచ్చేసి వచ్చేస్తాను. డబ్బా తెచ్చి కంప్యూటర్ పక్కన పెట్టి మూత తీశాను.

"కొట్టేయకండి. ఇవాళ్టిదే నిజం."

ఆయన డబ్బా చూశారు, నన్ను చూశారు.

"నాన్న ప్రతిసారీ డై గోడకు ఇది రాస్తాడు. కీచుమంటే సహించలేడు. అలవాటు. మోసం కాదు. ఇవాళ రాయలేదు. ఉండలు నేనే కుడతాను, పదేళ్ళ వయసు నుంచీ. పదమూడో తారీఖున నాకు తెలిసింది. చెప్పలేదు. తప్పు నాదీ ఉంది."

ఇన్ని మాటలు వరసగా అన్నాను. ఇక్కడ మళ్ళీ రాసుకుంటుంటే లెక్క తెలుస్తోంది.

ఆయన ఉండను వేళ్ళతో పట్టుకుని తిప్పారు. వేలికి అంటిన పొడిని బొటనవేలితో రుద్దారు. నేను తిట్లకు సిద్ధంగా ఉన్నాను. ఈయన ఎప్పుడూ తిట్టలేదు కాబట్టి అవి ఎలా ఉంటాయో తెలియదు.

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

"అరవై రెండు పరీక్షలు." కంప్యూటర్ వైపు చూశారు. "అరవై రెండుసార్లూ ఒకే మందంతో రాశారా? చేత్తోనా? మిషను పెట్టినా అంత సమంగా రాయలేం." నవ్వు మొదలైంది, మధ్యలో ఆగిపోయింది, కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు. కోపమో, దిగులో, మెచ్చుకోలో నాకు తెలియలేదు. మూడూ ఉన్నట్టున్నాయి.

తరవాత ఇవాళ్టి అంకె పెట్టి బొమ్మ మళ్ళీ నడిపారు. గంటన్నర పట్టింది. ఇద్దరం కూర్చున్నాం. నేను ఆయన పక్క కుర్చీలోనే కూర్చున్నాను. మాత్ర డైలోంచి పైకి వస్తుంటే, పైఅంచు చుట్టూ సన్నటి ఎర్రటి గీత వచ్చింది, ఉంగరంలాగా. ఈ బొమ్మలో ఎరుపంటే చీలే చోటట. టోపీ సరిగ్గా ఎక్కడ ఊడుతుందో అక్కడ. రెండేళ్ళు నా వేళ్ళ కింద ఊడిన చోటు అది.

అత్తయ్య వచ్చి వెనకాల నిలబడ్డారు. "సినిమా బాగుందా?" అన్నారు.

"బాగుంది అత్తయ్యా" అన్నాను.

మార్చి 25, మంగళవారం

పొద్దున్నే ఆయన డబ్బా తీసుకుని నాన్న గదికి వెళ్ళారు. పెద్దమేడమ్ దగ్గరికి ముందు వెళ్ళలేదు. నేను వస్తానంటే వద్దన్నారు. అక్కడ ఏం మాట్లాడారో సాయంత్రం కొంచెం చెప్పారు.

"మావయ్యా, ఇది నేను రాస్తే ఫిర్యాదవుతుంది. మీరు రాస్తే దిద్దుబాటవుతుంది" అన్నారట.

నాన్న అన్నాడట, "నాకు పేరాలు రాయడం రాదు సార్." ఇంట్లోనే సార్ అన్నాడు.

"మూడు ముక్కలు చాలు."

ల్యాబు పుస్తకంలో ప్రతి పరీక్షకూ "ఒట్టి డై" అని ఒక గడి ఉంటుంది, అందులో నాన్న టిక్కు పెట్టాలి. అరవై రెండు టిక్కులు. నాన్న ల్యాబులో కూర్చుని ఒక్కొక్కదాని మీదా ఒక్కొక్క గీత గీశాడట. గీత, తారీఖు, పొట్టి సంతకం. గీత, తారీఖు, పొట్టి సంతకం. మధ్యాహ్నం దాకా పట్టిందట. చివర రాశాడట: "ప్రతిసారీ డై గోడకు జారుడు పొడి రాశాను. ఎవరూ చెప్పలేదు. నా అలవాటు."

ఒక్క గీత కూడా వంకర పోలేదన్నారు ఆయన.

మార్చి 26, బుధవారం

నాన్నను పరీక్ష మిషను మీద నుంచి తీసేశారు. విచారణ అయ్యేదాకా స్టోర్‌లో కూర్చోవాలట. నేను అన్నం వండి పంపించాను. క్యారేజీ కడిగి పంపించాడు. లోపల చీటీ ఏమన్నా ఉందేమో అని నాలుగు గిన్నెలూ చూశాను.

మార్చి 27, గురువారం

చీటీ లేదు కానీ మనిషే వచ్చాడు. సాయంత్రం, స్టోర్ నుంచి నేరుగా. నాతో మాట్లాడలేదు. ఆయన ఎదురుగా కూర్చుని, "ఆ ఎర్రటి ఉంగరం ఏదో చూపించండి" అన్నాడు.

ఆయన చూపించారు. నాన్న మొహం తెరకు ఆనేంత దగ్గరగా పెట్టి చూశాడు.

"ఇది డై మూతి దగ్గరే కదా వస్తోంది?"

"అవును మావయ్యా. మాత్ర సగం బయటికి వచ్చి సగం లోపల ఉన్నప్పుడు. బయటికి వచ్చింది ఉబ్బుతుంది, లోపలున్నది ఉబ్బలేదు. అంచు కోసుకుంటుంది."

నాన్న కుర్చీలో వెనక్కి వాలాడు. "పాత డైలు పారేసే ముందు మూతి అరిగిపోయి ఉండేవి, గరాటులాగా. వాటిలో టోపీ తీయడం నేను చూడలేదు. కొత్త డై వస్తేనే గోల. అది మా అందరికీ తెలుసు. ఎందుకో ఎవరికీ తెలియదు."

ఆయన వెంటనే బొమ్మలో డై మూతిని వెంట్రుకంత వెడల్పు చేశారు. మళ్ళీ నడిపారు. మేము ముగ్గురం, అత్తయ్యతో నలుగురం, కళ్ళార్పకుండా కూర్చున్నాం. ఉంగరం వచ్చింది. కానీ పసుపుపచ్చగా, అక్కడక్కడ తెగిపోయి.

"పాలిపోయింది" అన్నాడు నాన్న.

"పాలిపోయింది" అన్నారు ఆయన.

వాళ్ళిద్దరినీ వెనకనుంచి చూశాను. రెండు తలలు, ఒకటి నెరిసింది, ఒకటి నల్లది, ఒకేలా పక్కకు వంగి ఉన్నాయి.

నాన్న వెళ్ళేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టాడు. "నీ ఉండలు బాగుండేవమ్మా" అన్నాడు. అంతే.

మార్చి 28, శుక్రవారం

ఒప్పుకున్నారు. ఇంకో నెల ఇచ్చారు, గరాటు మూతి డైలు చేయించమన్నారు. అందులో అనుభవం ఎవరిదని పెద్దమేడమ్ అడిగితే ఆయన నాన్న పేరు చెప్పారట. ఆమె రాసుకున్నారట.

ఏప్రిల్ 8, మంగళవారం

నాన్నకు ఉత్తరం వచ్చింది. తనంతట తానే ఒప్పుకుని దిద్దినందుకు హెచ్చరికతో సరిపెట్టారు. నేర్పే పని మాత్రం ఇవ్వరు. ఆయన రెండుసార్లు వెళ్ళి అడిగారు, ఒప్పుకోలేదు. ఆ ఉత్తరాన్ని నాన్న చొక్కా మడత పెట్టినట్టే మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. డబ్బా ఉండే జేబు.

నాకు ఏడుపు వచ్చింది. నాన్నకు రాలేదు. "వాళ్ళది న్యాయమే. కొత్తవాళ్ళకు చెయ్యి నేర్పితే చేతితో పాటు అలవాటూ వస్తుంది" అన్నాడు.

ఏప్రిల్ 25, శుక్రవారం

కొత్త డైలు వచ్చాయి. పెద్ద మిషను మీద కొట్టారు. నాలుగు గంటలు ఆపకుండా. ఒక్కటీ టోపీ తీయలేదు.

ఆయన నాన్నను స్టోర్ నుంచి పిలిపించారట. నాన్న మోకాలు పట్టుకుని మెట్లెక్కి వచ్చి, మిషను పక్కన కళ్ళు మూసుకుని నిలబడ్డాడట. మాత్రలు చూస్తాడనుకుంటే చెవి పెట్టి విన్నాడట. తరవాత చెయ్యి చాపితే ఆయన ఒక మాత్ర పెట్టారు. బొటనవేలి గోరుతో అంచు మీద నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. ఊడలేదు.

"గట్టిబిళ్ళే" అన్నాడట. మిషను దగ్గరివాళ్ళందరూ నవ్వారట.

ఏప్రిల్ 27, ఆదివారం

నాన్న భోజనానికి వచ్చాడు. మెట్ల మీద నుంచి అరిచాడు. అత్తయ్య ఆ అరుపుకు మళ్ళీ నవ్వారు. బుధవారం ఆఖరి రోజు. వేదిక, దండ ఏమీ ఉండవు, స్టోర్ వాళ్ళే టీ ఇస్తారట. వెళ్ళేటప్పుడు అలవాటుగా నా వైపు చెయ్యి చాపాడు. గుర్తొచ్చి వెనక్కి తీసుకోబోయాడు. ఆ చేతిని పట్టుకుని వీధి చివరి దాకా నడిచాను. ఇప్పుడు నేను దిగబెడుతున్నాను.

డబ్బా ఆయన నాకు ఇచ్చేశారు. సూదులు వేసుకున్నాను.

మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక ఈ పుస్తకం తీసి మొదటినుంచి చదివాను. ఏడో తరగతి అని అనిపించకుండానే ఉంది. మార్చి తొమ్మిది దగ్గర ఆగాను. "మోకాలికి మందు రాసుకోవడానికి కాబోలు. నాకు తెలియదు."

చదివేవాళ్ళే లేని పుస్తకంలో ఎవరికోసం రాశానో ఆ మాట.

స్కేలు పెట్టి ఒక్క గీత గీశాను. పక్కన "తెలుసు" అని రాశాను. తారీఖు వేశాను. పొట్టి సంతకం ఇంతకుముందు ఎప్పుడూ పెట్టలేదు, విడి కాగితం మీద నాలుగుసార్లు పెట్టి చూసుకుని అక్కడ పెట్టాను.

గీత కింద అక్షరాలు బాగానే కనపడుతున్నాయి.